నాన్న మార్చిన కారు

బాబాయ్,

ఫోనులో మాట్లాడితే నాన్నకి వినిపిస్తుందని రాస్తున్నాను. ఆయన పాత స్పోర్ట్స్ కారు అమ్మి ఆయనకి ఆపరేషన్ చేయిద్దామనుకున్నాం కదా. నిన్న డీలరు వచ్చి షెడ్డులో చాలాసేపు చూశాడు.

"ఇదే మోడలు మొన్న దీనికి ఐదు రెట్ల ధర పలికిందమ్మా. దానికి కంపెనీ ఇంజనే ఉంది, రంగూ మొదటిదే. దీన్నెవరో పూర్తిగా మార్చేశారు," అన్నాడు.

ఆ ఎవరో నాన్నే. ఇంజను మొరాయిస్తోందని వేరేది బిగించారు. అమ్మ నడుం నొప్పి చూడలేక సీట్లు మార్చారు. చిన్నప్పుడు నేను మారాం చేస్తే నీలం గీకించి ఎరుపు వేయించారు. ధర పడిపోయింది వాటివల్లేనట.

మంచం మీంచి నాన్న, "ఏమన్నాడే?" అని అడిగారు. నిజం చెప్పడానికి నోరు రాలేదు. "ఇంత బాగా చూసుకున్న కారు ఎక్కడా చూడలేదన్నాడు నాన్నా," అన్నాను.

ఎన్నాళ్లకో ఆయన ముఖం విప్పారింది. "అయితే అమ్మొద్దు. నా తర్వాత నీకుంటుంది," అన్నారు.

ఇప్పుడు ఆ వచ్చే కాస్త డబ్బుకైనా అమ్మకం కాగితాల మీద సంతకం పెట్టనంటున్నారు. డాక్టరేమో ఇంక ఆగితే లాభం లేదంటున్నాడు. మీరొకసారి రండి బాబాయ్. వచ్చి ఆయనకేం చెప్పమని మిమ్మల్ని అడగాలో మాత్రం నాకు తెలియడం లేదు.

మీ అన్నయ్య కూతురు