వంద కిలో ఓముల రెసిస్టర్ విషయమై

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ నా మోకాలూ క్షేమం. మెట్ల విషయంలో మాత్రం మోకాలు తన అభ్యంతరాన్ని నమోదు చేసింది. అల్లుడుగారూ బుజ్జిగాడూ కులాసా అని తలుస్తాను.

నీ ఉత్తరంలో నాలుగు ప్రశ్నలున్నాయి. బొమ్మల కంపెనీ శబ్ద విభాగంలో పంతొమ్మిదేళ్లు పనిచేసినదాన్ని గనుక వరుసగా జవాబిస్తున్నాను.

నీ చిన్ననాటి బొమ్మరైలు విప్పితే ఇరవై ఎనిమిది కాళ్ల చిప్పు కనబడిందనీ, శబ్దాన్ని అందులో ఎక్కడ దాచారనీ అడిగావు. ఎక్కడా దాచలేదు. దానికి హోరుమనడం, కూయడం, హెచ్చడం, తగ్గడం వచ్చు, అంతే. చుట్టూ అతికించిన రెసిస్టర్లనూ కెపాసిటర్లనూ బట్టి అదే రైలవుతుంది, తుపాకీ అవుతుంది, పిట్టవుతుంది. అంతటి విధేయత గల ఉద్యోగిని మా ఆఫీసులో మళ్లీ చూడలేదు.

నా పాత సర్క్యూట్ పటంలో ఒక రెసిస్టర్ నలభై ఏడు కిలో ఓములని ఉంటే నీ రైల్లో వంద ఎందుకుందనీ, ఇంజను ఆయాసపడేది అందువల్లేనా, మార్చేయనా అనీ రెండు, మూడు ప్రశ్నలు. అందువల్లే. అది మొదటి నమూనా. ముగ్గురు సభ్యుల సంఘం దాన్ని విన్నది. ముగ్గురిలో ఎవరూ ఆవిరి ఇంజను విని ఎరుగరు గనుక నిర్ణయం ఏకగ్రీవం. అమ్మకాల అధికారి, "ఇది రైలేంటండీ, ఎవరో భోంచేసి పడుకున్నట్టుంది" అన్నాడు. నమూనాను ధ్వంసం చేయమన్నారు. "ధ్వంసం చేయడమైనది" అని రాసి, సంతకం పెట్టి, సంచిలో వేసుకుని నీకోసం ఇంటికి తెచ్చాను. ఉద్యోగంలో నేను రాసిన ఏకైక అబద్ధం అది. దస్తూరి మాత్రం చక్కగా కుదిరింది.

నాన్న గొంతు ఏ టేపులోనైనా ఉందా అని ఉత్తరం చివర చిన్న అక్షరాల్లో అడిగావు. నీకు మూడేళ్లు నిండకుండానే వెళ్లిపోయారు. టేపు లేదమ్మా.

అయితే, ఆ నమూనాను సంఘానికి పంపకముందు ఒక ఆదివారం మధ్యాహ్నం వంటింటి బల్ల మీద సరిచూస్తున్నాను. పక్కగదిలో మీ నాన్న కునుకు తీస్తున్నారు. రెసిస్టర్ విలువను హెచ్చించి తగ్గించే మర తిప్పుతూ ఉండగా ఒకచోట రైలేదో, గురకేదో తెలియలేదు. ఆయన లేచారు, రైలొక్కటే మిగిలింది. గుమ్మంలో నిలబడి కాసేపు విని, "ఏమే, నన్ను బొమ్మలో పెట్టి అమ్మేస్తున్నావా?" అన్నారు. మర ఎక్కడ ఆగిందో కొలిచి, అదే విలువ గల రెసిస్టర్‌ను నమూనాలో అతికించాను. వంద.

ఇన్నాళ్లూ చెప్పలేదు. నువ్వు ఆ రైలును చెవిదగ్గర పెట్టుకుని నిద్రపోయేదానివి. గుమ్మం ఇవతల కూర్చుని నేనూ వినేదాన్ని. రైలుగానే ఉండనిద్దామనుకున్నాను.

కావున ఆ ఒక్క రెసిస్టర్ మార్చవద్దని కోరడమైనది. ఈ ఉత్తరం చేరేలోపే మార్చేసి ఉంటే, చెత్తబుట్ట ఖాళీ చేయకు. వడ్లగింజకన్నా కాస్త పెద్దదిగా ఉంటుంది. గోధుమరంగు, నలుపు, పసుపు చారలు. మీ నాన్న.

ఇట్లు,
ఈసారి ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం చేసిన
అమ్మ