సాక్షుల ముందు దరఖాస్తు

అక్కా,

ఇక్కడ అందరం కులాసా, పోస్టుకార్డు చూసి కంగారు పడకు. నలభై ఆరేళ్లొచ్చాక లా పీజీకి దరఖాస్తు పెడుతున్నాను. ఇరవై సీట్లకి వెయ్యిమంది పోటీ, సగం మంది మన పిల్లల ఈడువాళ్లే.

ఇప్పుడెందుకు చదవాలనుకుంటున్నారో ఒక పేజీలో రాయమన్నారు. ఇరవై రెండేళ్లుగా పిటిషన్లు రాసిన చెయ్యి కదా, "దరఖాస్తుదారు సవినయంగా మనవి చేసుకొనునది" అని మొదలుపెట్టి, "సీటు ఇప్పించవలసిందిగా ప్రార్థన" అని ముగించాను. మా గుమాస్తా చదివి, "బాగానే ఉందమ్మా, కానీ ఈ క్లయింటు ఎవరండీ? మన ఆఫీసుకి ఎప్పుడూ రాలేదే!" అన్నాడు. చించేశాను. "నేను" అని మొదలుపెట్టడానికి రెండు రోజులు పట్టింది. మిల్లు కార్మికుల కేసు ఓడిపోయానని, ఎక్కడ తప్పానో తెలుసుకోవాలని ఉందని రాశాను.

కుట్టుమిషను కింద రేకు పెట్టెలో నా డిగ్రీ మార్కుల లిస్టు ఉంది. పదిహేనో తారీఖులోగా అందేలా రిజిస్టరు పోస్టులో పంపు. నీ మోకాలు ఎలా ఉంది? డాక్టరు చెప్పినట్టు రోజూ నడుస్తున్నావా, నడిచావని బావ చేత దొంగసాక్ష్యం చెప్పిస్తున్నావా? పిల్లలకి నా దీవెనలు.

"కవరులో రాయకూడదా, పోస్ట్‌మాన్ దగ్గర్నుంచి పక్కింటావిడ దాకా అందరూ చదువుతారు" అంటావు. చదవనీ. బావకి నమస్కారాలు చెప్పి, ఆయన్ని గట్టిగా పైకి చదవమను. ఇంతకుముందు రెండుసార్లు ఫారం నింపి, ఆఖరి రోజున సొరుగులో పడేశాను. ఇంతమంది సాక్షులుంటే ఈసారి మాట మార్చలేను.

నీ చెల్లెలు