వ్రై అనే మాట

1983 నవంబరు, ఆదివారం. ఫార్మింగ్టన్ హిల్స్, అమెరికా.

నా పేరు వీరమ్మ. డెబ్భై రెండేళ్ళు. కూతురింట్లో ఉంటున్నాను. నాకు చదువు రాదు, నేను చెప్తుంటే మనవరాలు సుధ రాస్తోంది.

సుధ కాలేజీలో డచ్ భాష చదువుతోంది. ఇవాళ భోజనాల దగ్గర ఆ సంగతే చెప్పింది.

"అమ్మమ్మా, డచ్‌లో వ్రై అంటే ఫ్రీ. దానికీ మన ప్రియానికీ రూట్ ఒకటేనట. అప్పట్లో ఇంటివాళ్ళనే ప్రియమైనవాళ్ళు అనేవాళ్ళు, వాళ్ళే ఫ్రీ. ఇంట్లో పడుండే మిగతావాళ్ళు బానిసలు."

అప్పటినుంచీ రంగి నా కళ్ళముందే నిలబడి ఉంది. దానికి ఆరేళ్ళప్పుడు పనికని మన ఊళ్ళో మా వంటింట్లోకి వచ్చింది. నా కూతురిలాంటిదని అందరికీ చెప్పుకున్నాను. పెళ్ళి చేసుకుని వెళ్తానన్నప్పుడు మాత్రం, "నువ్వు పోతే నాకెవరే?" అన్నాను. అది వెళ్ళలేదు. తల నెరిసి ఆ వంటింట్లోనే పోయింది.

నేను దాన్ని ఆపలేదు, అడిగానంతే. అలాగే రాయి.

"నీ ముందు కాదనగలదా అమ్మమ్మా?" అంటోంది సుధ, కలం ఆపి.

నా ముందు ఎవరు కాదన్నారు గనక... 'అడిగానంతే' అన్న ముక్క కొట్టెయ్యి.

వీరమ్మ వేలిముద్ర.

సాక్షులు: సుధ. రెండో చోట రంగి పేరు రాసి, పక్కన దాని వేలిముద్రకి ఖాళీ వదిలెయ్యి.