కళ్లు తెరిచి చేసిన ప్రార్థన

అమ్మా, వందనాలు. జ్వరం తగ్గింది, కంగారు పడకు. కానీ నిన్న సండేస్కూల్లో నాకు తల కొట్టేసినట్టయింది.

ఒక పాప వాళ్లమ్మ ఆపరేషనై ఆసుపత్రిలో ఉంది. ఆవిడ కోసం ప్రార్థన చెయ్యమని ఆ పాప నన్ను ముందే అడిగింది. తీరిక లేదన్న వంకతో ఆ ప్రార్థన ఫోన్లో ఏఐ చేత రాయించాను. పిల్లలందరినీ కళ్లు మూసుకోమని, ఒళ్లో ఫోను పెట్టుకుని చూసి చదివాను. ఎంత బాగా కుదిరిందంటే, చదువుతూ నాకే ముచ్చటేసింది. అంతలో ఆ పాప కళ్లు తెరిచింది.

"ప్రార్థనలో కళ్లు తెరవొచ్చా?" అని గద్దించాను.

"మీరూ తెరిచారు కదా టీచర్! మా అమ్మ కోసం అడగడానికి కూడా చూసి చదవాలా?" అంది.

పిల్లలంతా నా ఒళ్లోకే చూశారు. నేను ఫోను బోర్లా తిప్పాను. ఆమెన్ కూడా వాళ్లే చెప్పేసుకున్నారు.

నాన్న కళ్లజోడు బాగు చేయించారా? ఎవరైనా ఇటు వస్తుంటే నా ఉన్ని శాలువా పంపు. చెల్లికి ముద్దులు.

ఆ పాప వాళ్లమ్మ కోసం నువ్వు మోకరించి ప్రార్థన చెయ్యమ్మా. ఆవిడ పేరు రాద్దామని ఇందాకటినుంచి కలం పట్టుకుని కూర్చున్నాను. గుర్తు రావడం లేదు. ఫోన్లో చూడాలి.

నీ పెద్దది