మూతపడింది మా బ్యాంకు కాదు

తమ్ముడికి అక్క దీవెనలు.

బ్యాంకు మూసేశారని విని అమ్మ అన్నం మానేసిందని రాశావు. మూతపడింది మా కుట్టుపనివాళ్ళ సహకార బ్యాంకు కాదు, దాని పక్కనున్న ఫైనాన్స్ కంపెనీ. బ్యాంకులా బోర్డు పెట్టి, ఎక్కువ వడ్డీ ఆశ చూపి ఉడాయించారు. మా వీధి ఇస్త్రీ తాత దాచుకున్నదంతా అందులోనే పోయింది. నిన్న ఆయన్ని ప్రభుత్వ బ్యాంకుకు తీసుకెళ్ళి ఖాతా తెరిపించాను.

"ఇదైనా నిజం బ్యాంకేనా తల్లీ?" అని మేనేజరమ్మనే అడిగేశాడు. ఆమె నవ్వలేదు. లేచి వచ్చి, గోడకున్న లైసెన్సు చదివి వినిపించింది. అద్దె కట్టే దారి లేక, తాత ఇస్త్రీ బల్ల ఇప్పుడు మా కుట్టు కొట్టు వసారాలోనే ఉంది.

ముందు అమ్మను కంచం ముందు కూర్చోబెట్టు. ఆమె జాకెట్టు కొలతలు పంపు. చిన్నాన్న ఎక్కడా లేని వడ్డీ వస్తోందని మురిసిపోతున్నాడన్నావు. అది ఏ బ్యాంకో ఈ పూటే వెళ్ళి అడుగు.

పిల్లలకు ముద్దులు.

అక్క