గాయాలు మూసే మందు

అమ్మకు, నీ చిన్నకూతురు రాసేది. ఇక్కడ అంతా కులాసా అని మొదలుపెట్టాలి కదా, పెట్టాననుకో. అక్కడ నువ్వు, అక్క, పాప బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. మరిగే నీళ్లు పడిన చెయ్యి మచ్చయినా లేకుండా మానిందని, నేను పంపిన మందు చేసిన వాళ్లు చల్లగా ఉండాలని రాశావు. చదివి ఏడ్చాను.

డబ్బాలో మిగిలింది పాప మోకాలి దెబ్బకు రాయనా అని అడిగావు. వద్దమ్మా. నీ కాళ్లు పట్టుకుంటాను, వద్దు. ఈ ఉత్తరం పక్కన పెట్టి, ముందు ఆ డబ్బా మూత తెరవకుండా మంటలో వేసి రా.

వేసొచ్చావా? ఇప్పుడు విను. మా ల్యాబులో కాలిన ఒంటికి అతికించే చర్మం పెంచుతామని చెప్పాను కదా. ఆ మందు దాన్నుంచి తీసిందే. కుందేళ్ల మీద తప్ప ఎవరి మీదా వాడలేదు. నీ బాధ చూడలేక దొంగతనంగా తెచ్చాను. కుందేళ్ల గాయాలు ఇట్టే మానాయి. మా మేడం సంబరపడి అందరికీ టీ ఇప్పించింది. తర్వాత వాటి కళ్లు మూసుకుపోయాయి. నిద్ర కాదమ్మా, రెప్పలు అతుక్కుపోయాయి. ఆపైన నోళ్లు.

"దానికి గాయానికీ నోటికీ తేడా తెలీడం లేదే. ఏది తెరుచుకుని ఉంటే అది మూసేస్తోంది" అంది మేడం, గోడ పక్కన కూలబడి.

నీ వేళ్లు రెండు అతుక్కున్నట్టున్నాయి, తడి వల్లనా అని అడిగావు. తడి వల్ల కాదు. రేపటిదాకా ఆగకు. అక్కను తీసుకుని పెద్దాసుపత్రికి వెళ్లు, ఈ ఉత్తరం చూపించు. చెయ్యి తీసెయ్యాలంటే తీయించుకో. నన్ను తిట్టుకుంటూనే తీయించుకో. ఆ చేత్తో పాపను ముట్టుకోకు, నీ మొహం కూడా తుడుచుకోకు.

ఇక నీ చివరి ప్రశ్న. "ఫోన్ ఎత్తుతావు, పలకవు. ఇంట్లో నోరు మూతపడని వాగుడుకాయవి, ఏమొచ్చిందే నీకు?" అని. చలికి పెదవి పగిలితే నేనూ కాస్త రాసుకున్నానమ్మా. మేడం రోజూ పొద్దున అతుక్కున్న పెదాలు కోసి పాలు పోస్తుంది. సాయంత్రానికి కోసిన గాటు కూడా మానిపోతుంది. నిన్నటి నుంచి ముక్కూ మూసుకుపోవడం మొదలైంది.

మొన్న ఫోనులో "ఒక్క మాట మాట్లాడవే, బంగారం" అని బతిమాలావు. నేను పెట్టెయ్యలేదమ్మా. నువ్వు విసుగొచ్చి పెట్టేసేదాకా విన్నాను.

చెవులు ఇంకా బాగానే ఉన్నాయి. ఆసుపత్రి నుంచి రాగానే ఫోన్ చెయ్యి. నేను పలకకపోయినా నువ్వు మాట్లాడుతూనే ఉండు.

ఇట్లు,
నీ వాగుడుకాయ కూతురు