అయిలయ్య మామ బయటికొచ్చిన ముచ్చట

శనివారం, కొత్తవాడ

ఇయ్యాల కళాకేంద్రంల పాత నేతగాళ్లకు శాలువాలు కప్పి, వాళ్ల యాదులు రికార్డు చేసిండ్రు. అమ్మ మైకుల పెద్దవాన ముచ్చట చెప్పింది. పక్కింటి సత్తెమ్మత్త ఇంట్లకు నీళ్లొస్తే, వాళ్లాయన అయిలయ్య మామ లోపలికి ఉరికిండట. సగం నేసిన జంపఖానను మగ్గం మీదికెల్లి కోసి, నెత్తిన పెట్టుకొని బయటికొచ్చినంకనే గోడ కూలిందట. అందరు చప్పట్లు కొట్టిండ్రు.

మామ లోపలికి పోయింది నిజమే, కని బయటికి రాలే. నాకప్పుడు పదేండ్లు, వాకిట్లనే నిలబడి ఉన్న.

సత్తెమ్మత్త నా పక్క కుర్చీలనే ఉన్నది. లేచి పోతదేమో అనుకున్న. కేంద్రం మేడమ్ అడిగితే "నిజమే బిడ్డా, నేను చూసిన" అన్నది.

అమ్మ మరిచిపోయిందా, కావాల్నని చెప్పిందా? ఆటోల అడిగితే "వచ్చిండు గదనే" అని బయటికి చూసుకుంట కూసున్నది.

ఆ ముచ్చట రాసి సోమవారం కేంద్రం బోర్డు మీద పెడతరట. తప్పులుంటే దిద్దమని కాయిదం నాకే ఇచ్చిండ్రు. ఏం దిద్దాల్నో తెల్వక పొద్దుమూకినంక అత్త ఇంటికి పోయిన. రెండుసార్లు చదివించుకొని అత్త కాయిదం మడిచి నా చేతుల పెట్టింది.

"దిద్దకు పిల్లా. గీ కాయిదంలనన్న ఆయనను బయటికి రానియ్యి."

అబద్ధం కదా అది. కని ఇప్పుడు కండ్లు మూస్తే, నాకు గూడ అయిలయ్య మామ జంపఖాన నెత్తిన పెట్టుకొని వస్తనే కనవడ్తాండు.